మైలేజీ లెక్కలో మరుగునపడేది

పెద్ద ఎస్‌యూవీని అమ్మేసి చిన్న కారు కొనాలనుకున్న కుటుంబం షోరూంలో మొదట అడిగేది మైలేజీ. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చేదాన్ని కాదని 25 ఇచ్చేదాని వెంటపడతారు. లెక్క వేస్తే ఆ తాపత్రయం అనవసరమని తేలుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకు లీటరుకు 10 ఇచ్చే బండి వంద లీటర్లు తాగుతుంది, 20 ఇచ్చేది యాభై. అంటే పెద్ద బండిని వదిలించుకోగానే యాభై లీటర్లు మిగిలాయి. అక్కడి నుంచి 25కి వెళ్లినా అదనంగా మిగిలేది పదే. ఆ పది లీటర్ల కోసం ఎయిర్‌బ్యాగులు, క్రాష్ టెస్ట్ రేటింగు చూడకుండా సంతకం పెడితే అదేం పొదుపు? నిన్నటిదాకా పెద్ద బండిలో తిరిగిన పిల్లలే రేపు ఈ చిన్న కారు వెనక సీట్లో కూర్చుంటారు! తక్కువ ధరలో భద్రత దొరకదన్న మాటకూ కాలం చెల్లింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త డిజైర్‌లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు 5 స్టార్లు వచ్చాయి. పెట్రోలు మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 24.79.

2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. అలా మిగిలిన డబ్బును టచ్‌స్క్రీన్‌కు, సన్‌రూఫ్‌కు పోయకండి, ఒక స్టార్ ఎక్కువున్న కారుకు పెట్టండి.