సంపాదకుని మాట: ఒక పేట, ఒక జట్టు



మొరాకో దేశము ఫ్రెంచివారి పాలనలో పరాధీనమై యుండిన దినములలో, 1949వ సంవత్సరమున, కాసాబ్లాంకా నగరమందలి దర్బ్ సుల్తాన్ అను శ్రామికుల పేటలో జాతీయవాదులును కార్మికోద్యమకారులును కూడి నెలకొల్పిన రాజా ఫుట్‌బాల్ సంఘమే ఈ సంచికకు ప్రాణము. అంతకు మున్ను ఆ నగరమునందే ప్రత్యర్థియగు విడాద్ జట్టును తీర్చిదిద్దిన పేర్ జెగో, పిదప రాజాకు శిక్షకుడై, చిన్న చిన్న పాసులతో సాగు సొగసైన ఆటను నేర్పెను; గెలుపుతోపాటు అందమును గూడ కోరుట నాటినుండియు ఈ సంఘమునకు స్వభావమైనది. 1989, 1997, 1999 సంవత్సరములలో ఆఫ్రికా విజేతయైనను, 2013లో ప్రపంచ క్లబ్బుల పోటీ తుదిసమరమున బయెర్న్ మ్యూనిక్ చేత ఓడినను, పేటతోడి అనుబంధమే దీని నిజమైన సంపద యని మా నిశ్చయము. ఆటను ధనముతో తూచు ఈ కాలమున ఇట్టి చరిత్ర తెలియుట అత్యావశ్యకము. సావధానముగ చదివి, మీ అభిప్రాయములను మాకు వ్రాయ ప్రార్థన.