గుమ్మం దగ్గరే ఆగిపోయే లెక్కలు

ప్రాంతీయ అసమానతల మీద మన ఆర్థికవేత్తలు రాసింది తక్కువేం కాదు. కోస్తా ఎంత ముందుంది, తెలంగాణ, రాయలసీమ ఎక్కడ ఆగిపోయాయి అని జిల్లాల వారీగా పట్టికలు వేస్తారు. ఆ పట్టికల్లో మనిషి కనిపించదు, కుటుంబం కనిపిస్తుంది. 2009లో టెండూల్కర్ కమిటీ దారిద్ర్యరేఖను సవరించినప్పుడూ ఇంటి ఖర్చును ఇంట్లో తలలతో భాగించడమే పద్ధతి. ముందు వడ్డించుకున్న మామకీ, చివర్న అడుగూబొడుగూ తిన్న కోడలికీ సమాన వాటా అన్నమాట! 2011 జనాభా లెక్కల్లో ఇల్లు సొంతమా, అద్దెదా అని అడిగారు. సొంతమైతే ఎవరి సొంతం? ఆ ప్రశ్న లేదు. అర్ధరాత్రి మొగుడు బయటికి నెట్టి తలుపేసుకుంటే వీధినపడే స్త్రీ కూడా 'సొంత ఇల్లున్న కుటుంబం' ఖాతాలోనే ఉంది.

ఆ గుమ్మం దాటి లోపలికి చూసిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్. ప్రదీప్ పండాతో కలిసి కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆమె చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. భూమీ ఇల్లూ ఏదీ లేని వివాహితల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళే. భూమి మాత్రమే ఉన్నవాళ్ళలో ఇది 18 శాతం, ఇల్లు మాత్రమే ఉంటే 10, రెండూ ఉంటే 7. మానవాభివృద్ధిలో దేశానికే ఆదర్శమని ప్రతి సెమినార్లోనూ చెప్పుకునే రాష్ట్రం పరిస్థితి ఇది! రాష్ట్ర సగటు స్త్రీ వీపు మీది వాతల్ని దాచేసింది. భూమికన్నా ఇల్లే ఎక్కువ కాపాడిందన్నది కూడా గమనించాలి. వెళ్ళిపోవడానికి తనదైన కప్పు ఒకటి ఉందని ఆమెకి తెలుసు, అంతకన్నా ముఖ్యంగా అతనికీ తెలుసు.

'ఇప్పుడు పట్టాలన్నీ ఆడవాళ్ళ పేరనేగా' అంటారు. నిజమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్త్రీల పేరనే ఇళ్ళ స్థలాలివ్వడం మొదలుపెట్టింది. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు, అంటే 48 గజాలు. చాలాచోట్ల ఊరికి దూరంగా. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే మనిషి తెల్లారేసరికి అక్కణ్ణించి ఎట్లా రావాలో ఏ అధికారీ ఆలోచించలేదు.

అసలు మెలిక అర్హతలో ఉంది. 2015లో వచ్చిన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇల్లు స్త్రీ పేర ఉండాలంది, బాగుంది. కానీ కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు అని నిర్వచించి, వాళ్ళలో ఎవరికి పక్కా ఇల్లున్నా అర్హత లేదంది. భర్త తరిమేసినా, విడాకుల కాగితం చేతికి రానంతవరకు ఆమె ఇల్లుగలదే!

పేదరికం మీద సర్వేలకు వెళ్ళే పరిశోధకులు ఇకనైనా ప్రశ్నాపత్రంలో రెండు ప్రశ్నలు చేర్చాలి: ఇల్లు ఎవరి పేరున ఉంది? గొడవైతే బయటికి పోయేదెవరు? ఇవి అడిగేటప్పుడు ఇంట్లో మగవాళ్ళని కాస్త అవతలికి పంపాలి.