ఉద్దానపు నీరు: టెండర్లు, ప్రజల బాధ్యత

పలాసలో జీడిపిక్కల వర్తకుడు సరకు కొను రీతి మన పాఠకులకు క్రొత్త కాదు. 80 కిలోల బస్తా ధర ఎంతయని అడుగుటతో అతని పని ముగియదు. బస్తా అడుగునుండి గుప్పెడు పిక్కలు తీయించి, కోయించి, పప్పెంత పడునో, పుచ్చెంత యున్నదో చూచి, పిదప ధర పలుకును. సరకు గిడ్డంగి చేరిన వెనుక మరల తూచును. తన సొమ్ము విషయమున ఇంత మెలకువ గల మనుష్యుడే, తన పన్నులతో ప్రభుత్వము వేయించు గొట్టము విషయమున మాత్రము, “ఎవరో టెండరు వేసినారట, ఎవరికో వచ్చినదట” అని యూరకుండును. ఈ యూరకుండుటయే మన ప్రాంతపు ప్రభుత్వపు పనులకు పట్టిన మొదటి పురుగని మా యభిప్రాయము.

ఉద్దానమునకు నీటికన్న ప్రాణావసరమైన పని వేఱొకటి లేదు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో దశాబ్దములుగా మూత్రపిండముల వ్యాధి కుటుంబములను కూల్చుచున్నది. దాని కారణము నిస్సంశయముగా తేలలేదు. కాని మంచినీరు కావలెనని చెప్పుటకు ఏ శాస్త్రజ్ఞుని తీర్పును అక్కఱలేదు. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని 807 గ్రామములకు చేర్చుటకై 700 కోట్ల రూపాయల పథకమునకు 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగినది; 2023 డిసెంబరు 14వ తేదీన అది ప్రారంభింపబడినది. ఇంతటి పనిని మేము మనసార స్వాగతించుచున్నాము. కాని గొట్టము వేయుట వేఱు, గొట్టము చివరనున్న యూరికి ఏటికేడు నీరందుట వేఱు. వంశధార ఎడమకాలువ శివారు భూముల రైతులకు ఈ భేదమును మేము బోధింప నక్కఱలేదు. కాలువ కాగితముమీద తమ పొలమువఱకు వచ్చిన సంగతి వారెఱుగుదురు. నీరు రాని సంగతియు వారే యెఱుగుదురు.

టెండరు పద్ధతి క్రమమిది. మొదట ఇంజనీరు పని కొలతలు కట్టి, ప్రభుత్వపు ధరల పట్టిక ననుసరించి అంచనా తయారుచేయును. మంజూరు వచ్చిన పిదప టెండరు ప్రకటన వెలువడును. పోటీకి వచ్చువారు ధరావతు కట్టి, తమ యర్హతను పూర్వానుభవమును ఒక భాగమునను, తమ ధరను మఱియొక భాగమునను దాఖలు చేయుదురు. అర్హత చాలినవారి ధరలు మాత్రమే తెఱవబడును. అందు తక్కువ ధరవానికి పని దక్కును. ఒడంబడిక జరిగి పని మొదలైన పిమ్మట ఇంజనీరు జరిగినంత పనిని కొలిచి కొలతల పుస్తకమున వ్రాయును. దానినిబట్టియే బిల్లు చెల్లును. పని ముగిసిన వెనుకను, ఒడంబడికలోని గడువువఱకు లోపములను గుత్తదారే సరిచేయవలెను.

ఈ క్రమములో ప్రజల దృష్టియు, పత్రికల దృష్టియు, శాసనసభలోని వాదములును ఒక్క ఘట్టముమీదనే నిలుచుచున్నవి: ధర తెఱచు ఘట్టము. 2003లో మన రాష్ట్రము దేశమున ముందుగా కంప్యూటరు ద్వారమున టెండర్లు వేయు పద్ధతిని తెచ్చినది. టెండరు పెట్టెకు కాపు కాచి పోటీదారులను తఱిమిన రోజులు దానితో వెనుకబడెను. 2019లో నాటి ప్రభుత్వము తెఱచిన ధరమీద మరల పోటీపెట్టు రివర్సు టెండరు పద్ధతిని ప్రవేశపెట్టెను. 2024లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసెను. ఒకరు సొమ్ము మిగిలినదనిరి, ఒకరు పని చెడినదనిరి. రెండు పక్షములవారును తగవులాడినది ధర గూర్చియే. కాని ధర తెఱచుటకు ముందును, తెఱచిన తరువాతను ఏమి జరుగునో చూడనివానికి ధరనుబట్టి యేమి తెలియును?

ముందు సంగతి చూతము. ప్రకటనలోని అర్హతా నిబంధనలే పోటీని బ్రతికించును, చంపును. ఇన్ని కోట్ల పని మునుపు చేసియుండవలెను, ఇన్ని యంత్రములు కలిగియుండవలెను అను షరతులు పనికి తగినవైనచో న్యాయము. ఒకని కొలతకు కుట్టిన చొక్కాలైనచో అన్యాయము. బొంబాయి విమానాశ్రయములోని భోజనశాల టెండరు విషయమున 1979లో సుప్రీముకోర్టు, ప్రభుత్వసంస్థ తాను విధించిన షరతును తానే మీఱరాదని తీర్పు చెప్పినది. కాని మొఱపెట్టుకొన్నవాడు ఆలస్యముగా వచ్చెనను కారణమున అతనికి మాత్రము ఫలము దక్కలేదు. సూత్రము గెలిచినది, మనిషి యోడినాడు. ప్రకటన వెలువడిననాడే చదువవలెనని ఇంతకన్న స్పష్టముగా చెప్పు నిదర్శనము మా కగపడదు.

తరువాతి సంగతి మఱింత శోచనీయము. పెద్ద గుత్తదారు తీసికొన్న పని ముక్కలై చిన్నవారి చేతులు మారును. చేయి మారినప్పుడెల్ల కొంత సొమ్ము జాఱును, కొంత సిమెంటు తగ్గును. ఈ చిన్నవారెవరు? ఎక్కడివారో కారు. మన యూరి పెద్దలు, వారి యల్లుండ్రు, మేనల్లుండ్రు. టెండరు లేకుండ నామినేషనుపై వచ్చు చిన్నపనులు ఏ పార్టీ యేలిన ఆ పార్టీవారి యింటికే పోవుట అందఱెఱిగినదే. మా పాఠకులలో ననేకులు భూములు గలవారు, పట్టణములలో పలుకుబడి గలవారు. కొలతల పుస్తకమును అడుగుటకు వారికి నోరు రాకుండుటకు కారణము భయము కాదు, బంధుత్వము. ఈ మాట కటువుగా తోచినచో మమ్ము క్షమింతురుగాక. కాని మందు చేదని రోగము నిలువదు.

ఆపత్కాలమున టెండరుకు వ్యవధి లేదన్న మాట నిజమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరి జీడి తోటలను నేలగూల్చి, కరెంటును త్రాగునీటిని లేకుండ జేసిననాడు, కంబములకు టెండరు పిలిచి నెలరోజులు వేచియుండుమని ఏ బుద్ధిమంతుడు చెప్పగలడు? కాని వెంటనే కొనుటకు అనుజ్ఞ యిచ్చినంతమాత్రమున లెక్క చూపనక్కఱలేదని కాదు. తుపాను తొలగిన పిదప ఏది, ఎంతకు, ఎవరియొద్ద కొన్నారో గ్రామసభలో చదివి వినిపించుట కేమి యడ్డము?

దేశమంతటికి ప్రభుత్వపు కొనుగోళ్ల చట్టము చేయవలెనని 2012లో లోకసభలో ప్రవేశపెట్టిన బిల్లు, 2014లో ఆ సభతోనే గతించినది. తమిళనాడు 1998లోనే తన చట్టమును చేసికొన్నది. ఉక్రెయిను దేశము 2016లో కొనుగోళ్ల కాగితములను ఎల్లరును కంప్యూటరులో చూడగల యేర్పాటు చేసినది. మనకు సాధనము బొత్తిగా లేకపోలేదు. 2005నాటి సమాచారహక్కు చట్టము కాగితములను చూచు హక్కునే కాదు, పనిని కండ్లార పరీక్షించు హక్కును, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో తీసికొను హక్కును పౌరునికి ఇచ్చినది. వర్తకుడు బస్తాలోని పిక్కలు కోయించినట్లే, పౌరుడు గొట్టము ముక్కను పరీక్షకు అడుగవచ్చును.

కాబట్టి మేము కోరున దిది. ఉద్దానపు నీటిపథకపు ఒడంబడికలో తమ యూరికి సంబంధించిన భాగము ప్రతి గ్రామ పంచాయతిలో తెలుగున వ్రాసి గోడకు అంటింపబడవలెను. కొలతలు తీయు దినము ముందుగా దండోరా వేయింపవలెను. నిర్వహణపు సొమ్ము వేసిన గొట్టపు పొడవునుబట్టి గాక, శివారు గ్రామపు కుళాయిలో పడిన నీటినిబట్టి చెల్లింపవలెను. సంతబొమ్మాళి మండలమున మూలపేట రేవునకు 4,362 కోట్ల అంచనాతో 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఇట్టి పనులు వచ్చు తీరమున, 700 కోట్ల లెక్కనే అడుగ నేర్వనివారు రేపటి లెక్క నెట్లడుగుదురు?

1940లో ఈ పలాసలోనే అఖిల భారత కిసాను సభ జరిగినది. ఆ యేటనే మందస జమీందారీలో అడవి కఱ్ఱకై పోరాడి గున్నమ్మ పోలీసుల తుపాకికి బలియైనది. జమీందారును నిలదీసిన ఆ రైతుల మనుమలకు, తమ సొమ్ముతోనే జరుగు పనిని కొలుచుటకు కావలసినది తుపాకి నెదుర్కొను ధైర్యము కాదు. ఒక అర్జీ కాగితము, ఒక కొలత టేపు, బంధువునైనను అడుగగల నోరు.