మూడు బొమ్మలు కోటలోకి, మిగతావి మంటలోకి



పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చేసుకుని చదవండి. ముందు ఒక కథ. ఇది మనది కాదు గానీ, వింటుంటే మనదేనేమో అనిపిస్తుంది.

ఒక పెద్ద కోట. అందులోనే పుట్టినవాళ్లకి కూడా గదులన్నీ తెలియనంత పెద్దది. కోట గోడ బయట, గోడకి ఆనుకుని మట్టి గుడిసెలు. వాటిలో ఉండేవాళ్లకి కోటలోకి ప్రవేశం లేదు. చెక్కను చెక్కి బొమ్మ చేసి రంగు వేయడమే వాళ్ల గర్వం. తరతరాలుగా బతుకంతా అందులోనే పెట్టారు. ఏడాదికి ఒక్కసారి, జూన్ మొదటి రోజున, అందరూ తమ బొమ్మలు తెచ్చి గోడ కింద నిలబెడతారు. కోట దొర చూసి మూడింటిని ఎంచుతాడు. మిగతావన్నీ అదే సాయంత్రం మంటలో వేసేస్తారు.

ఎంచుకున్న మూడు బొమ్మలకైనా మంచి రోజులు వచ్చాయా అంటే అదీ లేదు. వాటిని కోట పైఅంతస్తులో ఒక పొడవాటి హాల్లో పెడతారు. ఆ హాల్లోకి ఎవరూ రారు. ఒక కాపలాదారు మాత్రం రోజూ ఈకల కుంచెతో దుమ్ము దులుపుతూ ఉంటాడు. గెలిచినవాళ్లకి బహుమానం ఏంటంటే, నెల విడిచి నెల పున్నమి రాత్రి కోట గోడమీద నడిచే హక్కు. అంతే!

ఈ కథ ‘టైటస్ గ్రోన్’ అనే ఇంగ్లీషు నవలలోది. రాసింది మెర్విన్ పీక్. మా హాస్టల్లో నలుగురం కూర్చుని ఈ భాగం చదువుకున్నప్పుడు కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఒక తమ్ముడు, “ఇది మన మ్యూజియం కథ కదన్నా” అన్నాడు. ఆ మాటే ఈ పోస్టుకి మూలం.

“ఇంగ్లండు తెల్లదొర కథ మనకెందుకు? మన కథలు లేవా?” అని కొందరు అడుగుతారు. అడగాలి కూడా. మేం చెప్పేది ఒక్కటే. పీక్‌ని పూజించమని కాదు. ఆయన జీవితంలో రెండు ప్రశ్నలున్నాయి. ఆ రెండూ ఇవాళ మనం వేసుకోవాల్సినవే.

పీక్ 1911లో చైనాలో పుట్టాడు. తండ్రి అక్కడ మిషనరీ డాక్టరు. బాల్యమంతా టియాంజిన్ నగరంలో, ప్రహరీగోడ ఉన్న మిషన్ ఆవరణలో గడిచింది. లోపల ఇంగ్లీషు ఇళ్లు, ఇంగ్లీషు పద్ధతులు. గోడ దాటితే చైనా జనం, చైనా బతుకు. పదకొండేళ్ల వయసులో ఇంగ్లండు వెళ్లిపోయాడు. అయితే ఆ గోడ మాత్రం ఆయన తలలోనే ఉండిపోయిందని మాకనిపిస్తుంది. పెద్దయ్యాక రాసిన కోట చుట్టూ కూడా అలాంటి గోడే ఉంది.

ఆయన ముందు బొమ్మలేసేవాడు, తర్వాతే రచయిత. లండన్‌లో రాయల్ అకాడమీ స్కూల్లో చదివాడు. బొమ్మలు నేర్పే పంతులుగా పనిచేశాడు. ఆ పనిలో ఉండగానే మేవ్ గిల్మోర్ అనే చిత్రకారిణి పరిచయమైంది, 1937లో పెళ్లి చేసుకున్నారు. ‘ట్రెజర్ ఐలాండ్’, ‘ఆలిస్’, గ్రిమ్ సోదరుల కథలు లాంటి పుస్తకాలకి ఆయన వేసిన బొమ్మల్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని సైన్యంలోకి తీసుకున్నారు. యుద్ధ చిత్రకారుడిగా పని ఇమ్మని అర్జీ మీద అర్జీ పెట్టినా తిప్పి పంపారు. ఆ బ్యారక్‌లలోనే నోటుబుక్కుల్లో ‘టైటస్ గ్రోన్’ రాశాడు. పేజీల అంచుల్లో పాత్రల ముఖాలు గీసుకుంటూ రాశాడు. 1942లో మనసు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. నవల మాత్రం ఆగలేదు, 1946లో అచ్చయింది.

మధ్యలో 1945 వచ్చింది. మొదటి ప్రశ్న అక్కడే ఉంది. యుద్ధం అయిపోగానే ఒక పత్రిక ఆయన్ని జర్మనీకి పంపింది. చూసింది గీసి తెమ్మంది. అలా బెర్గెన్-బెల్సెన్‌కి వెళ్లాడు. నాజీలు వేలమందిని ఆకలితో, రోగాలతో చంపిన క్యాంపు అది. బ్రిటిష్ సైన్యం ఏప్రిల్‌లోనే దాన్ని విడిపించినా, పీక్ వెళ్లేటప్పటికి ఇంకా జనం చనిపోతూనే ఉన్నారు. క్షయతో చావు అంచున ఉన్న ఒక అమ్మాయి మంచం పక్కన నిలబడి ఆమె బొమ్మ గీశాడు.

తర్వాత ఆ సంగతి ఆయన్ని వదల్లేదు. దాని మీదే ఒక పద్యం రాశాడు. అందులో తిట్టుకున్నది ఎవర్నో కాదు, తననే. ఒక మనిషి ప్రాణం పోతుంటే ఆ ముఖంలో నాకు బొమ్మ కనిపించిందా, నా జాలి ఇంతేనా అని తనను తాను నిలదీసుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచిద్దాం. మన ఊళ్లకి ఎంతమంది కెమెరాలు పట్టుకుని వచ్చారు? నాగోబా జాతరలో, అరకు సంతలో, మేడారం గద్దెల దగ్గర మన అవ్వల ముఖాల్ని ఎంతమంది తీసుకెళ్లారు? ముక్కుపోగు, పచ్చబొట్టు, ముడతలు దగ్గర్నుంచి తీస్తారు. అవ్వ పేరు అడగరు, తిన్నావా అని అడగరు. ఆ ఫోటో ఎక్కడో గోడకెక్కుతుంది, ఎవరికో బహుమతి వస్తుంది. మా అవ్వకి ఆ సంగతే తెలియదు. వాళ్లలో ఎంతమంది రాత్రి ఇంటికెళ్లి పీక్‌లా తమను తాము నిలదీసుకున్నారు?

బయటివాళ్లని అని ఊరుకుంటే సరిపోదు. మన చేతుల్లో కూడా ఫోన్లున్నాయి. మన పెద్దాయన జ్వరంతో మంచంలో ఉంటే రీల్ తీసి పెట్టినవాళ్లు మనలో లేరా? ఆ ప్రశ్న మనకీ తగులుతుంది.

రెండో ప్రశ్న పీక్ చివరి రోజుల్లో ఉంది. 1950లో ‘గార్మెన్‌గాస్ట్’ వచ్చింది, ఒక సాహిత్య బహుమతి కూడా వచ్చింది. పేరొచ్చినా ఇంట్లో డబ్బు ఇబ్బంది తీరలేదు. ఎంతో ఆశపెట్టుకుని రాసిన నాటకం 1957లో లండన్‌లో ఆడి దెబ్బతింది. దాంతో మనిషి కుప్పకూలిపోయాడు. అప్పటికే చేతులు వణకడం మొదలైంది. పార్కిన్‌సన్స్ లాంటి జబ్బు, దాంతోపాటు మతి తప్పడం. కరెంటు షాకులు ఇచ్చారు, మెదడుకి ఆపరేషన్ చేశారు. ఏదీ ఆదుకోలేదు. గీత గీసే చెయ్యి గీత గీయలేని స్థితికి వచ్చింది. మూడో నవల ‘టైటస్ అలోన్’ 1959లో వచ్చినప్పుడు దాన్ని సరిచూసుకునే ఓపిక కూడా ఆయనకి లేదు. ప్రచురణకర్తలు చాలా కత్తిరించేశారు. 1968 నవంబర్‌లో, 57 ఏళ్లకి, ఒక సంరక్షణ గృహంలో చనిపోయాడు.

సరిగ్గా ఆ సమయంలోనే నవలలు మళ్లీ చౌక ముద్రణలో వచ్చి యువతరం చేతుల్లోకి వెళ్లాయి. ఆ ఆదరణ ఆయన చూడలేదు. తర్వాత 1970లో, చేతిరాత ప్రతులు చూసి మూడో నవలని సరిచేసి మళ్లీ అచ్చువేశారు. 2000లో టీవీ సీరియల్ అయింది. 2010లో ఆయన కాగితాల్ని బ్రిటిష్ లైబ్రరీ కొనుక్కుంది. ఇదంతా జరగడానికి మొదటి కారణం మేవ్. ఆ నోటుబుక్కుల్ని, బొమ్మల్ని పోనివ్వకుండా దాచింది, ఆయన గురించి తనే పుస్తకం రాసింది. ఇప్పుడు చెప్పండి, మనవాళ్ల బొమ్మల్ని, పాటల్ని దాచే మేవ్ ఎవరు?

మనకి దగ్గరగా ఉన్న కథ జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్ గోండు బిడ్డ. మట్టిగోడ మీద బొమ్మలు వేస్తుంటే చూసి భోపాల్ భారత్ భవన్‌కి తీసుకెళ్లారు. 1989లో పారిస్ ప్రదర్శనలో ఆయన బొమ్మలున్నాయి. 2001లో జపాన్‌లో, ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి అంత దూరాన ప్రాణం తీసుకున్నాడు. ఎంపికైన మూడు బొమ్మల్లో ఒకటైనా, ఆ మనిషి ఒంటరిగానే పోయాడు. ఆయన మొదలుపెట్టిన పద్ధతిని మాత్రం ఇవాళ ఎంతోమంది కొనసాగిస్తున్నారు, ఎందుకంటే తన చుట్టాలకి, ఊరివాళ్లకి బతికుండగానే నేర్పాడు. దాచడం అంటే అద్దాల పెట్టెలో పెట్టడం ఒక్కటే కాదు, నేర్పడం కూడా.

పీక్‌ని మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. ఆయన కూడా ఆ మట్టి గుడిసెల్ని ఎక్కువగా కోట వైపు నుంచే చూశాడు. గుడిసెల నుంచి కోటలోకి వచ్చి దొర కొడుక్కి పాలిచ్చిన కేడా అనే ఆమె ఉంది. ఆమె బతుకు కూడా విషాదంగానే ముగుస్తుంది. ఆ గుడిసెల లోపల పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకున్నారో, బొమ్మ కాలిపోయిన రాత్రి చెక్కినవాడి ఇంట్లో అన్నం దిగిందో లేదో, ఆ నవల మనకి పెద్దగా చెప్పదు. గోడ ఇవతల పుట్టినవాళ్లు రాయాల్సిన నవల అది. అంటే మనం.

సవర గోడ బొమ్మలు, కోయల పడిగెలు, పర్ధాన్ల కీక్రి పాటలు... ఊహాలోకాలకి మనకేం తక్కువ? పులులు మాట్లాడతాయి, కొండలు పెళ్లిళ్లు చేసుకుంటాయి. వీటిని “జానపదం” అని ఒక గదిలో పెట్టి దుమ్ము దులుపుతున్నారు. బొమ్మ కింద తెగ పేరు రాస్తారు, చేసినవాళ్ల పేరు చాలాసార్లు ఉండదు. మూడింటిని ఎంచే హక్కు ఆ దొరకి ఎవరిచ్చారని గార్మెన్‌గాస్ట్ కోటలో ఎవరూ అడగలేదు. మనం అడగాలి.

అడగడంతో పాటు ఒక పని కూడా చేద్దాం. ఈసారి సెలవులకి, ఇటుకల పండక్కో జాతరకో ఇంటికెళ్లినప్పుడు ప్రతి ఒక్కరం ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుందాం. ముందు అడుగుదాం, “అవ్వా, రాసుకోనా?” అని. వద్దంటే వద్దే. సరే అంటే ఒక కథ రాద్దాం, చేతనైతే పక్కన బొమ్మ గీద్దాం. గీత వంకరపోతే పోనీ. కింద అవ్వ పేరు, ఊరి పేరు ముందు, మన పేరు తర్వాత. తిరిగొచ్చాక ఈ గ్రూపులో పెడదాం.

ఇక్కడ మాత్రం మూడింటిని ఎంచే పద్ధతి ఉండదు. ఎన్ని వస్తే అన్నీ ఉంటాయి.