ఈజిప్టు రాజసౌధకుడ్యములపై నున్నది తామర కాదు

ప్రాచీన ఈజిప్టు రాజసౌధముల కుడ్యచిత్రములను గూర్చి తెలుగున వ్రాయువారు ‘లోటస్’ అను ఆంగ్లపదము కన్పట్టినంతనే ‘పద్మము’ అనియో ‘తామర’ యనియో అనువదించుట కద్దు. ఇంతటితో ఆగినచో దోషము స్వల్పమే. ఆ పద్మమునే ఆధారముగా గొని భారతదేశ సంబంధమును ఊహించునప్పుడు అది ప్రమాదమగుచున్నది.

ముందు చిత్రములను చూడవలెను. ఆలయములకు శిలను, రాజగృహములకు పచ్చియిటుకలను వాడుట ఆ దేశాచారము. కావున సౌధచిత్రములు ఆరిన పూతపై వ్రాయబడి అల్పాయువు లైనవి. క్రీ.పూ. 14వ శతాబ్దిలో అఖెనాటెన్ కట్టించిన అమర్నా నగరమున పెట్రీ పండితుడు 1891లో బయల్పరచిన చిత్రిత కుట్టిమమును 1912లో ఒక గ్రామస్థుడు పగులగొట్టెను. చూడవచ్చువారు తన పొలమును త్రొక్కుచున్నారని అతని కోపము. ఉత్తర సౌధమందలి ‘ఆకుపచ్చ గది’లో పాపిరసు పొదలు, నీట దుముకు లకుముకిపిట్ట, పావురములు కలవు. రక్షణకై పూసిన ద్రవ్యమే ఆ రంగులను చెరచినది. నీనా డేవిస్ 1924లో వ్రాసికొన్న ప్రతికృతులే నేడు శరణ్యములు. 2022లో పక్షిజాతులను నిర్ణయించిన పరిశోధకులకును అవియే ఆధారము. (పాపిరసు మన తుంగజాతిదే, దానిని జమ్మనుటయు పొరపాటే.)

ఈజిప్టు చిత్రకారులు వ్రాసిన పుష్పమునకు రేకులు సన్ననివి, కొనదేరినవి. ఆకునకు చీలిక యున్నది. తామరాకునకు చీలిక యుండదు, కాడ నడుమ తగులును. కావున ఇది కలువ, అందును విశేషించి నీలికలువ. పద్మము, ఉత్పలము, కుముదము అని వేరు వేరుగా చదివిన సంస్కృతజ్ఞులే ఈ భేదమును మరచుట వింత.

అట్లని ‘నీలోత్పలము’ అన్నంత మాత్రమున చిక్కు తీరదు. మన కవులకు అది చంద్రుని చెలి. ఈజిప్టువారి నీలికలువ ప్రొద్దుట విచ్చి పగటనే ముడుచుకొనును. కనుకనే వారు దానిని సూర్యుని పునర్జన్మతో ముడిపెట్టిరి. నీలోత్పలము పగలు విచ్చుట వాస్తవమే యైనను కవులు వర్ణింపరని రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయముగా చెప్పియున్నాడు. మన కవులు విడిచిన ధర్మమునే వారు పట్టుకొనిరన్న మాట. పోలిక వెదకువారు ఇచట వెదకవలెను.

ఇక తామర ఈజిప్టున లేనే లేదా? క్రీ.పూ. 5వ శతాబ్దివాడగు హెరొడోటసు అచటి కలువను చెప్పి, కందిరీగ పట్టును బోలిన కాయగల గులాబివంటి నీటిపువ్వును వేరుగా వర్ణించెను. ఆ రెండవది తామర. అప్పటికి అఖెనాటెన్ సౌధములు పాడువడి దాదాపు 9 శతాబ్దములు గడచినవి.