జంకే బిడ్డా, జెయింట్ వీలూ

వేసవి సెలవులు దగ్గర పడినవంటే ఇళ్ళలో ప్రయాణాల సంప్రదింపులు మొదలవుతాయి. ఒకప్పుడైతే తిరుపతి, అన్నవరం, కాకుంటే అమ్మమ్మగారి ఊరు. ఇప్పటి పిల్లలు అడిగేది వేరు. బెంగుళూరు వారికి మైసూరు రోడ్డున బిడది దగ్గర 2005లో వచ్చిన వండర్లా ఉన్నది. బొంబాయి మనవారు 1989లో ఎస్సెల్ వరల్డ్ తెరిచిన తరువాత పడవెక్కి గొరాయి పోయి వచ్చిన వారే. 2013 నుంచి ఖోపోలీ ఇమాజికా దారి పట్టినారు. 2024లో భువనేశ్వరంలో ఒకటి, మరుసటి ఏడు డిసెంబరులో చెన్నపట్టణం శివార్లలో మరొకటి తెరిచినారు గనుక బరంపురం వారికీ, మదరాసు వారికీ కూడా దూరం తగ్గినది. యానాం పిల్లలు హైదరాబాదు చుట్టాల ఇంటికి పోయినప్పుడు ఈ సరదా తీర్చుకొని వస్తారు.

అంతా బాగానే ఉన్నది. టిక్కెట్లు కొని లోపలికి పోయిన తరువాత, నలుగురు పిల్లలలో ఒకడు అమ్మ కొంగు పట్టుకొని "నేను రాను" అంటాడు. ఈ నెల మేము ముచ్చటించేది ఆ ఒక్కడి గురించి.

ముందుగా ఒక మాట. ఆ బిడ్డలో లోపమేమీ లేదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు మానసిక శాస్త్రజ్ఞుడు జెరోమ్ కేగన్ చిన్నపిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి, నూటికి పదిహేను ఇరవై మంది పసితనం నుంచే కొత్త మనుషులకూ కొత్త వస్తువులకూ జంకే స్వభావం గలవారని తేల్చినారు. ముక్కు తీరు, జుట్టు తీరు వచ్చినట్లే ఇదీ వస్తుంది. పైగా, గాలిలో తలక్రిందులుగా తిరిగే యంత్రాన్ని చూసి వెనుకకు అడుగు వేసిన వాడిని తెలివితక్కువ వాడనడానికి మాకు మనసొప్పదు.

అయితే మన ఇళ్ళలో జరిగేదేమిటి? మగపిల్లవాడైతే "ఛీ, పిరికిపందా! చెల్లెలు ఎక్కింది చూడు" అని మేనమామ మొదలుపెడతాడు. తక్కిన పిల్లలు అందుకొంటారు. ఆడపిల్లైతే "పోనీలే, నీకెందుకమ్మా ఇవన్నీ, నా దగ్గర కూర్చో" అని బామ్మ పక్కకు లాక్కొంటుంది. ఒకరి భయాన్ని వెక్కిరిస్తాము, మరొకరి భయాన్ని ముద్దు చేస్తాము. ఎక్కాలని లోలోపల ఉబలాటపడే ఆడపిల్లలను మేము ఎందరినో చూసినాము. కూర్చోమన్న తరువాత వారిని మళ్ళీ అడిగేవారు ఉండరు.

ఈ తొందరకు మూలం డబ్బులో ఉన్నదని మా అనుమానం. తిరునాళ్ళలో రంగులరాట్నానికి ఎక్కినప్పుడే డబ్బు. ఎక్కనంటే డబ్బు మిగిలేది, ఆ డబ్బుతో జీళ్ళు కొనుక్కొనే వాళ్ళము. ఇప్పటి పార్కులలో గేటు దగ్గరే అన్నిటికీ కలిపి ఒక టిక్కెట్టు. ఇంటిల్లిపాదికీ కలిపి వేలు ఇచ్చిన తండ్రికి, బిడ్డ ఎక్కనన్న ప్రతి యంత్రమూ దండుగగా కనిపిస్తుంది. అందుకని పోయే ముందే ఇంట్లో దంపతులిద్దరూ ఒక నిర్ణయం చేసుకోవాలి: ఈ డబ్బు రోజంతటికి ఇచ్చినది, యంత్రాల లెక్కన ఇచ్చినది కాదు అని. ఆ ముక్క తేలిపోతే తక్కిన పని సగం అయినట్లే.

బలవంతం కంటే చెడ్డది మోసం. మా ఎరుకలోని ఒక ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాణ్ణి బాబాయి "ఇది ఊరికే పడవ, కాసేపు కూర్చుంటే చాలు" అని ఎత్తుకొని పోయి, ఇటూ అటూ ఆకాశానికి ఊగే పెద్ద ఓడలో కూర్చోబెట్టినాడు. పాపం, ఆయనకు దురుద్దేశం లేదు. ఒకసారి ఎక్కితే భయం వదులుతుందని ఆయన నమ్మకం. పిల్లవాడు దిగిన తరువాత ఏడవలేదు కూడాను. కాని ఆ తరువాత ఏడాది పొడుగునా, కొత్త లిఫ్టు ఎక్కాలన్నా, దంతాల డాక్టరు కుర్చీలో కూర్చోవాలన్నా, ఎదురుగా నిలబడి "ఇది ఏమి చేస్తుంది? నిజం చెప్పు" అని అడిగేవాడు. తల్లి చెప్పినా రెండోసారి అడిగేవాడు. ఆ ఇంట్లో పోయినది ఒక్క పూట సరదా కాదు.

భయం పోగొట్టడానికి వేరే దారి ఉన్నదని వంద ఏళ్ళ క్రిందటే తెలిసినది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మానసిక శాస్త్రజ్ఞురాలు పీటర్ అనే మూడేళ్ళ లోపు పిల్లవాడి కథ ప్రకటించినారు. వాడికి కుందేలంటే భయం; తెల్లని దూది చూసినా భయమే. ఆమె వాడు ఇష్టమైనవి తింటూ కూర్చున్న వేళ కుందేలును బోనులో పెట్టి దూరంగా ఉంచేవారు. వాడు బెదరనంత వరకే కొంచెం కొంచెం దగ్గరకు జరిపేవారు. భయంలేని పిల్లలు దానితో ఆడుతుండగా వాడిని చూడనిచ్చేవారు. చివరకు కుందేలు తన వ్రేళ్ళను కొరుకుతున్నా వాడు చేయి తీయలేదట. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. పీటరుకు తినుబండారం కూలిగా ఇవ్వలేదు. మనము "ఎక్కితే ఐస్ క్రీము" అంటాము. అప్పుడు ఎక్కడం పని అవుతుంది, ఐస్ క్రీము జీతం అవుతుంది. ఐస్ క్రీము చేతికిచ్చి, కంచె పక్కన నిలబడి ఇద్దరూ చూస్తూ తినండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇక పార్కుకు పోయే ముందు ఇంట్లోనే చేయదగినది ఒకటి ఉన్నది: ఉయ్యాల. అట్లతద్ది నాడు చెట్టుకు ఉయ్యాల వేసే అలవాటు ఇంకా నిలుపుకొన్న ఇళ్ళలోని పిల్లలకు ఈ పాఠం కొంత వచ్చి ఉంటుంది. ఉయ్యాల పైకి పోయి తిరిగి జారేటప్పుడు పొట్టలో ఝుమ్మంటుందే, పెద్ద యంత్రాలలో కలిగేదీ అదే. మన శరీరంతో పాటు పీట కూడా క్రిందికి జారడం వల్ల, లోపలి అవయవాలను ఎప్పుడూ క్రింది నుంచి మోసే ఆధారం ఆ క్షణాన తగ్గుతుంది. అంతకు మించి లోపల ఏమీ ఊడిపోదు. ఈ సంగతి ఆరేడేళ్ళ పిల్లలకు చెప్పవచ్చును. చెబితే అర్థం చేసుకొంటారు. వీధి చివరి పార్కులో ఉయ్యాల మీద "ఇదిగో, ఇప్పుడు ఝుమ్మన్నదా?" అని నాలుగు సాయంకాలాలు ఆడించండి. పేరు తెలిసిన భయానికి కోరలు తగ్గుతాయి.

పార్కులో అడుగు పెట్టగానే క్యూలోకి పరుగెత్తకండి. జంకే పిల్లలకు యంత్రం కంటే క్యూయే గండం. ముప్పావు గంట నిలబడి, తలపైన కేకలు వింటూ ఉంటే, ఉన్న కాస్త ధైర్యమూ కారిపోతుంది. ముందు దిగే దారి దగ్గరకు తీసుకొనిపోండి. ఎక్కే దారిలో ముఖాలు బిగుసుకొని ఉంటాయి. దిగే దారిలో అవే ముఖాలు నవ్వుతూ వస్తాయి. పైన కేకలు వేసిన వారే క్రింద నవ్వుతున్నారని బిడ్డ తన కళ్ళతో చూడాలి. నవ్వకుండా తల పట్టుకొని దిగేవారూ ఒకరిద్దరుంటారు. వారినీ చూడనివ్వండి, దాచనక్కరలేదు.

రెండవది లెక్క. యంత్రం కదలగానే బిడ్డ చేత ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టించండి. చాలా యంత్రాలు రెండు మూడు నిమిషాలలో ఆగిపోతాయి. రెండుసార్లు లెక్కపెట్టి చూసిన పిల్లవాడికి "ఇది నూటయాభై దగ్గర ఆగుతుంది" అని తెలుస్తుంది. ఎప్పుడు ఆగుతుందో తెలిసిన దానిని ఓర్చుకోవడం సులువు. తరువాత తాను ఎక్కినప్పుడూ ఆ లెక్కే పెట్టుకొంటాడు. కన్నడంలోనో, అరవంలోనో, ఇంగ్లీషులోనో తప్ప ఇరవై దాటి లెక్క రాని మన పిల్లలకు తెలుగు అంకెలు నేర్పే అవకాశం కూడా ఇక్కడే దొరికిందని ఒక తాతగారు మాతో అన్నారు. ఆయన మనుమరాలికి నూరు దాకా వచ్చింది గాని, యాభై తొమ్మిది దగ్గర ఇప్పటికీ తడబడుతుందట.

ఎక్కడ కూర్చోవాలో తెలిసి ఉండడం పెద్దలకు అవసరం. రంగులరాట్నంలో లోపలి వరుస గుర్రాలు చిన్న చుట్టు తిరుగుతాయి గనుక నెమ్మది. బయటి వరుస అదే కాలంలో పెద్ద చుట్టు తిరగాలి గనుక వేగం. ఊగే ఓడలో కొసలే బాగా పైకి లేస్తాయి. నడిమి బెంచీలు తక్కువ. రోలర్ కోస్టరులో వెనుక పెట్టె శిఖరం దాటేటప్పుడు ఒక్క ఈడ్పు ఈడుస్తుంది. నడుమ కొంత మేలు. ముందు పెట్టెలో దారి కనబడుతుంది; కొందరు పిల్లలకు దారి కనబడితేనే ధైర్యం, కొందరికి కనబడకుంటేనే. మీ బిడ్డ ఏ తీరో మీరే కనిపెట్టాలి. జెయింట్ వీలు నెమ్మదిగానే తిరుగుతుంది గాని, క్రింద మనుషులను ఎక్కించుకోవడానికి ఆగినప్పుడు మన తొట్టి నడి ఆకాశంలో నిలుస్తుంది. పిల్లలు చెడిపోయిందనుకొని బెదిరేది అక్కడే. ముందే చెప్పి ఉంచితే "ఇప్పుడు ఎవరో ఎక్కుతున్నారు" అని వారే మనకు చెబుతారు. 1893లో చికాగోలో ఫెర్రిస్ అనే ఇంజనీరు కట్టిన మొదటి పెద్ద చక్రం ఎత్తు 264 అడుగులు. దానికి గదుల వంటి పెట్టెలు ముప్పయ్యారు. ఇటువంటి కథలు క్యూలో బాగా పనికి వస్తాయి. 1884లో న్యూయార్కు కోనీ ఐలండులో థాంప్సన్ పెట్టిన జారుడు రైలు గంటకు ఆరు మైళ్ళే పోయేదని చెబితే నవ్వని పిల్లవాడు లేడు. ఆ వేగానికే ఆనాటి పెద్దలు బారులు తీరి డబ్బిచ్చి ఎక్కినారు.

పక్కన ఎవరు కూర్చోవాలన్నది కూడా ఆలోచించవలసిందే. తల్లికి తనకే గుండెదడ ఉంటే ఆమె చేతి చెమట బిడ్డకు తెలుస్తుంది. ఆ పూటకు పిన్నినో, తాతగారినో పంపడంలో చిన్నతనం లేదు. కూర్చున్న తరువాత బెల్టు, అడ్డకడ్డీ బిగిసినవో లేదో బిడ్డ చేతనే లాగి చూపించండి. ఎత్తు కొలిచే గీత దగ్గర మాత్రం బేరాలు వద్దు. ఆ కడ్డీ ఫలానా ఎత్తు గల శరీరానికి సరిపడేటట్లు చేసినది. మడమలు ఎత్తించి లోపలికి పంపే తండ్రులను చూసినప్పుడు మాకు ఒళ్ళు మండుతుంది. భోజనం కాగానే తిరిగే యంత్రాలు ఎక్కించకూడదని వేరే చెప్పాలా? బడి ఈడు పిల్లలకు తల తిరుగుడు పెద్దల కంటే ఎక్కువ. ముఖం పాలిపోయి, ఆవులింతలు వచ్చి, చెమట పడితే అది భయం కాదు, కడుపు. ఆ పూటకు చాలించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒప్పందం. "ఎక్కే ముందు ఏ క్షణమైనా వద్దనవచ్చును, పీట దాకా పోయి కూడా తిరిగి రావచ్చును. కదిలిన తరువాత మాత్రం మధ్యలో దిగడం కుదరదు." ఈ రెండు ముక్కలూ నిజం గనుక రెండూ చెప్పాలి. బిడ్డ నిజంగా పీట దాకా వచ్చి వద్దంటే, వెనుక క్యూ ఎంత గొణిగినా ఆపరేటరుతో చెప్పి అవతలికి దాటి రండి. ఆ మాట ఒకసారి నిలబెట్టుకొంటే మరుసటి క్యూలోకి వాడే మిమ్మల్ని పిలుస్తాడు. మేము చూసినంతలో ఇది తప్పడం తక్కువ.

కొందరు ఆ రోజుకు పిలవరు. బరంపురం నుంచి భువనేశ్వరం పార్కుకు పోయిన ఒక కుటుంబంలో ఎనిమిదేళ్ళ పిల్ల ఉదయం నుంచి కంచె దగ్గరే నిలబడింది. బామ్మగారు పక్కన కూర్చోమనలేదు. తానే లేచి వచ్చి కంచె దగ్గర నిలబడినారు. ఇద్దరూ కలిసి ఊగే ఓడను ఏడుసార్లు లెక్కపెట్టినారు. సాయంకాలం ఆ పిల్ల పెద్ద చక్రం ఒక్కటి ఎక్కింది, మరేదీ ఎక్కలేదు. అన్నలు పద్నాలుగు ఎక్కినామని లెక్క చెప్పుకొంటుంటే తండ్రి అడ్డం వచ్చి, "పైనుంచి ఏమి కనబడిందమ్మా?" అని అడిగినాడట. రైలు బరంపురం చేరేదాకా ఆ పిల్ల చెబుతూనే ఉన్నది. కార్లు అగ్గిపెట్టెలంత ఉన్నవట, బామ్మ చీర రంగు మాత్రం అంత ఎత్తు నుంచీ తెలిసిందట. వచ్చే దసరా సెలవులకు ఓడ ఎక్కుతాను గాని నడిమి బెంచీలోనే కూర్చుంటానని ఇప్పటి నుంచే చెప్పి పెట్టింది.