ఉసురు తీసిన పడకకు చట్టమే కాపలా!

పసిగుడ్డు చావు కంపెనీ రహస్యం ఎట్లయితది? అమెరికాల పదేండ్లు అదే జరిగింది.

ఫిషర్-ప్రైస్ కంపెనీ 2009ల 'రాక్ ఎన్ ప్లే' అనే ఏటవాలు పడకను అమ్మకానికి పెట్టింది. పసిపిల్లలను చదునైన, గట్టి పరుపు మీద వెల్లకిలా పండబెట్టాలని పిల్లల డాక్టర్లు చెప్తనే ఉన్నరు. ఏటవాలు మీద తల ముందుకు వాలితే పసిబిడ్డకు ఊపిరాడదు. అయినా అమ్మకాలు ఆగలేదు. 2019 ఏప్రిల్ మొదట్ల ప్రభుత్వ భద్రతా కమిషన్, కంపెనీ కలిసి ఇచ్చిన హెచ్చరికల 10 చావులే చెప్పిండ్రు. కొద్దిరోజులకే 'కన్స్యూమర్ రిపోర్ట్స్' పత్రిక 32 చావులను బయటపెట్టింది. అప్పుడుగానీ 47 లక్షల పడకలను వాపసు పిలువలేదు. ఈ ఒక్క సరుకు మీద కంపెనీకి వచ్చిన రాబడి కనీసం 20 కోట్ల డాలర్లని అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2021ల తేల్చింది.

కమిషన్ నోరు ఎందుకు మూతబడ్డది? అక్కడి వస్తు భద్రతా చట్టంల సెక్షన్ 6(బి) ఉన్నది. ఏదైనా సరుకు పేరు పెట్టి జనానికి చెప్పాలంటే, అత్యవసరమైతే తప్ప, ముందు ఆ కంపెనీకే నోటీసు ఇయ్యాలె. కంపెనీ కాదంటే కోర్టుకు పోవచ్చు. దొంగ చేతికే తాళాలిచ్చుడంటే ఇదే! ఈ సెక్షన్ ను ఎత్తెయ్యాలని 2021ల పెట్టిన బిల్లు గట్టెక్కలేదు.

పోనీ, వాపసు పిలిచినంక చావులు ఆగినయా? 2023 జనవరిల మళ్లీ ప్రకటన చెయ్యాల్సి వచ్చింది. అప్పటికి సుమారు 100 చావులు లెక్కకొచ్చినయి. అందుల కనీసం 8 మొదటి ప్రకటన తర్వాతవే. పాత పడక అక్క ఇంటి నుంచి చెల్లె ఇంటికి పోతది. పేపర్ల వేసిన ప్రకటన దాని వెంట పోదు.

అమెరికా ముచ్చట మనకెందుకంటరా? మన చట్టం చూడుండ్రి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిండ్రు. మంచిదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 20 కింద ప్రమాదకరమైన సరుకును వాపసు తీసుకొమ్మని ఆదేశించే అధికారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉన్నది. అదీ మంచిదే. కానీ ఆ ఆదేశం విచారణ జరిగి, కంపెనీ వాదన విన్నంకనే. అప్పటిదాక ఆ సరుకు వాడుతున్న తల్లికి కబురు చెప్పేదెవరు? ఆ సెక్షన్ ల జవాబు లేదు.

అందుకే చట్టంల మూడు మాటలు రాయాలె. పిల్లల సరుకుతోని చావో, గాయమో జరిగినట్టు తెలిసిన వెంటనే కంపెనీ సర్కారుకు చెప్పాలె, దాస్తే జైలుకు పోవాలె. సర్కారు ఆ వివరాలు జనం ముందు పెట్టాలె, కంపెనీ అనుమతి అడగొద్దు. అమ్మిన నాడే కొన్నోళ్ల ఫోన్ నంబర్ రాసుకొని, వాపసు కబురు నేరుగా ఇంటికి చేర్చాలె, పైసలు పూర్తిగా తిరిగియ్యాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఓట్లడగ వచ్చే ఎంపీని ఈ మూడు మాటల మీద నిలదీయుండ్రి. పసిబిడ్డ ప్రాణం కన్నా కంపెనీ పరువు ఎక్కువైతే, ఆ చట్టం ఎవరి కోసం?